బియ్యం డబ్బాలో కొడవలి

మా అత్తగారు మంగాయమ్మ ఇంట్లో కొన్నాళ్ళు కూరగాయలు కోసే కత్తిపీట కూడా లేదు. పెనుమూడిలో మా వీధికి అదొక వింత. ఉల్లిపాయ తరగాలన్నా పక్కింటి సైదాబీ గడపలో నిలబడాల్సిందే.

"ఏంటక్కా, మీ కత్తిపీటకి కాళ్ళొచ్చినయ్యా? రేపల్లె బస్సెక్కి పోయిందా?" అనేది సైదాబీ.

"ఇవ్వవే తల్లీ, పాపకి పప్పులోకి టమాటా కొయ్యాలి," అనేది అత్తగారు. నవ్వేది కాదు.

కత్తిపీట, కొబ్బరికాయలు కొట్టే కత్తి, వరి కోసే కొడవళ్ళు అన్నీ ఆవిడే దాచింది. సీమోను బెయిల్ మీద వస్తున్నాడని తెలిసిన రోజే దాచింది.

సీమోను మా మామగారు బర్నబాస్‌ని చంపినవాడు. ఇద్దరూ పక్కపక్క చేలు కౌలుకు చేసేవారు. మా లూథరన్ గుడిలో ఒకే చాప మీద కూర్చునేవారు. కాలవ చివరి భూములు మావి. కిందటేడు నాట్లప్పుడు వచ్చిన కాసిని నీళ్ళ కోసం, తెల్లారుతుండగా తూము దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. సీమోను పార తిప్పి కొట్టాడు. పార అంచు చెవి పైన దిగింది. మామగారు కాలవలో బోర్లా పడ్డారు. పైకి లాగేసరికి నీళ్ళు ఎర్రగా మా చేలోకే పారుతున్నాయి. అంబులెన్సు తెనాలి చేరకముందే ప్రాణం పోయింది.

ఆ నీళ్ళతోనే నాటు వేశాం.

తరవాత నా భర్త అజయ్ బాబు మారిపోయాడు. తింటూ తింటూ కంచాన్ని గోడకేసి కొట్టేవాడు. పెరట్లో రాతి మీద కొడవలి నూరుతుంటే ఆ చప్పుడుకి మా పాప ఏడ్చేది. కొడుకు హంతకుడవుతాడని అత్తగారి భయం. అతని బైకు ఆలస్యమైతే రోడ్డు మీదికి పరిగెత్తేది. చొక్కా ఉతికే ముందు మరకల కోసం వెతికేది. ప్రార్థన చేసుకునేది, లేచి మళ్ళీ తలుపు గడియ చూసుకునేది. ప్రభువు బల్లకు వెళ్ళడం మానేసింది. మనసులో పగ ఉన్నవారు సమాధానపడకుండా మా గుడిలో ఆ రొట్టె, రసం తీసుకోరు.

కొడవళ్ళు మాయమయ్యాక అజయ్ ఇల్లంతా వెతికి నవ్వాడు. "అమ్మా, నాకు చేతుల్లేవనుకున్నావా?" అన్నాడు.

వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడికని వేరే డబ్బాలో వేయడం మా ఇళ్ళలో అలవాటు. నెల మొదటి ఆదివారం వాటిని గుడిలో గంపలో పోస్తాం. దేవుడి బియ్యంలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఆ ధీమాతోనే అత్తగారు నూరిన కొడవలిని ఆ డబ్బాలో గుచ్చింది. మిగతావి గడ్డివాములో దోపింది. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి.

ఆ ఆదివారం ఆవిడ గుడి ఊడవడానికి ముందే వెళ్ళిపోయింది. ఎప్పుడూ బియ్యం సంచిలో పోసుకుని తనే తీసుకెళ్ళేది, ఈసారి మర్చిపోయింది. అమ్మ మర్చిపోయిందే అని అజయ్ డబ్బాకు డబ్బానే భుజానికెత్తుకున్నాడు. నేను పాపనెత్తుకుని వెనక నడిచాను.

సీమోను వచ్చాడు. ముందు చాప మీద తల వంచుకుని కూర్చున్నాడు. చూడగానే అజయ్ మెడ నరాలు ఉబ్బాయి. అయినా గంప వైపు నడిచాడు. డబ్బాను చూసిన అత్తగారు లేచి, "ఒరేయ్, అది కింద పెట్టరా," అంది. పాట హోరులో అతనికి వినపడలేదు. డబ్బా వంచాడు. బియ్యంతోపాటు కొడవలి జారి గచ్చు మీద ఖంగున పడింది.

పాట ఆగింది. అజయ్ కొడవలి అందుకున్నాడు.

సీమోను లేవలేదు. "కొట్టు బాబూ. నాకూ నిద్రపట్టట్లేదు," అన్నాడు.

వేటు భుజం మీద పడింది. కండ తెగి రక్తం గంపలోని బియ్యం మీదికి చిమ్మింది. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని గోడలకు అతుక్కుపోయారు. అడ్డం వెళ్ళిన పాస్టరు అయ్యగారిని అజయ్ మోచేత్తో పొడిచి పడేసి, మళ్ళీ కొడవలి ఎత్తాడు. నేను పాప కళ్ళు మూశాను.

బైకు చప్పుడుకే పరిగెత్తే అత్తగారు అప్పుడు పరిగెత్తలేదు. కొంగు తల మీద కప్పుకుని, కొడుకు పక్కనుంచే నడిచి వెళ్ళింది. సీమోను రెక్క పట్టి లేపి బల్ల ముందుకు తీసుకెళ్ళింది. ఇద్దరూ అజయ్‌కి వీపు పెట్టి మోకాళ్ళూనారు.

"అయ్యగారూ, మాకు రొట్టె ఇవ్వండి," అంది. వెనక్కి తిరగకుండానే కొడుకుతో, "నిన్ను కాయడం నా వల్ల కాదురా నాన్నా. దాచి దాచి నేనే నీ చేతికిచ్చాను. ఇక నిన్ను ఆ ప్రభువుకి వదిలేశా. నువ్వేం చేసినా నేను చూడను," అంది.

అజయ్ చెయ్యి ఇంకా పైనే ఉంది. దెబ్బ పడబోతుంటే ఒంట్లో కండరాలు వాటంతటవే బిగుస్తాయని చదువుకున్నాను. నేను ఆవిడ వీపునే చూస్తున్నాను. నిద్రపోయే పిల్ల వీపులా వదులుగా ఉంది.

అయ్యగారు లేచి రొట్టె విరిచారు. ఆవిడ తీసుకుని తింది.

కొడవలి కింద పడింది. అజయ్ తువ్వాలుతో సీమోను భుజం బిగించి కట్టాడు. "చావకు," అన్నాడు పళ్ళ బిగువున. బైకు మీద ముందు తను, మధ్యలో సీమోను, పడిపోకుండా పట్టుకోవడానికి వెనక అయ్యగారు కూర్చుని రేపల్లె ఆసుపత్రికి వెళ్ళారు. ఎలా తెగిందని డాక్టరు అడిగితే సీమోను "వరి కోస్తుంటేనండి" అన్నాడట. చేలన్నీ ఖాళీగా ఉన్న ఎండాకాలం అది.

అత్తగారు ఇంటికొచ్చి, కత్తిపీట గడ్డివాములో ఉందని చెప్పి మధ్యాహ్నమే పడుకుంది.

"అత్తమ్మా, ఆయన ఇంకా రాలేదండి," అన్నాను.

"వస్తాడులేమ్మా. తలుపు తీసే ఉంచు." అటు తిరిగి గురక పెట్టింది.

గడ్డివాములోంచి కత్తిపీట తీసి కడిగి, గడపలో కూర్చుని వంకాయలు కోస్తున్నాను. సైదాబీ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏంటమ్మా, బస్సు దిగిందా?" అంది.

సందు మలుపులో బైకు చప్పుడు వినపడింది. లోపల గురక ఆగలేదు.