సిన్ అంటే పాపం

"...మాంసం పాపమన్నారు, సరే. మరి గ్యాస్ ఎందుకు పాపమైంది, అన్నయ్యగారూ?"

జానకీదేవి ఆ గాజుసీసాను బల్లమీద పెట్టింది. పోయిన ఏడు మెక్సికోలో నీళ్లు తాగి తెచ్చుకున్న సీసా అది. అందులో మనీప్లాంటు పెంచుతోంది. లేబుల్‌మీద 'సిన్ గాస్' అన్న మాట ఇంకా చెరగలేదు.

"గ్యాస్ కడుపుకి చేటు కదమ్మా. వొళ్లు పాడుచేసుకోవడం పాపం కాదూ?" అన్నాడు వాసుదేవరావు.

"జామ్ సీసా మీద 'సిన్ అసుకార్' అనుంది. పంచదారా పాపమేనా?"

"డయాబెటిస్ సంగతి మా బావగారినడుగు. డాక్టరు కదా."

"నన్ను లాగకోయ్," అన్నాడు జానకీదేవి భర్త అచ్యుతరావు, పేపరు చాటునుంచి భార్యవైపు చూడకుండానే.

ఆ ఏటి టూరు సంగతి తేల్చుకోవడానికి టెక్సస్‌లో, ప్లేనోలోని వాసుదేవరావు ఇంట్లో కూడారు వాళ్లు.

వాసుదేవరావు టెలిఫోన్ల కంపెనీలో ఇంజనీరు. మీటింగుల్లో ఆయన గొంతు సవరించుకునేసరికి ఎవరో ఒకరు కాఫీకి లేచేవారు. 1979లో తెలుగు సంఘం బస్సు మాట్లాడుకుని మెక్సికోలోని గ్వానహ్వాతో అనే ఊరికి వెళ్లినప్పుడు, అక్కడి గైడు ఇంగ్లీషులో చెప్పేది పెద్దవాళ్లకి తెలుగులో చెప్పమని మైకు ఆయన చేతికిచ్చారు. బస్సెడు మంది నోరు మూసుకుని విన్నారు. అదే మొదలు, ప్రతి ఏడూ ఆ మైకు ఆయనదే.

అక్కడ ముద్దుల సందు అని ఒకటుంది. దాని వెనకున్న ప్రేమకథ అత్తగార్ల ముందు బాగుండదని, విడిపోయిన అన్నదమ్ములు కౌగిలించుకున్న చోటుగా మార్చేశాడు. సాయంత్రాలు కుర్రాళ్లు మాండలిన్లు వాయిస్తూ ప్రేమపాటలు పాడుకుంటూ సందుల్లో తిరుగుతారు, చూడొచ్చినవాళ్లు వెంట నడుస్తారు. దానికి 'నగర సంకీర్తన' అని పేరు పెట్టాడు. ముసలమ్మలు చెప్పులు విడిచి మరీ తాళం వేశారు.

అన్నిటికీ మించింది 'సిన్ కార్నే'. హోటల్ మెనూలో ఆ మాట కనబడగానే, "సిన్ అంటే ఏమిటి? పాపం! కార్నే అంటే మాంసం. మాంసం పాపమని మెనూలోనే అచ్చు వేసుకున్న దేశమండీ ఇది!" అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరూ పప్పూ అన్నమూ తిన్నంత నిశ్చింతగా తిన్నారు.

వాసుదేవరావు భార్య నళిని కాఫీ కప్పులు తెచ్చి బల్లమీద పెట్టింది.

"స్పానిష్‌లో సిన్ అంటే 'లేకుండా' అండీ," అంది భర్తతో. "మాంసం లేకుండా, గ్యాస్ లేకుండా, పంచదార లేకుండా."

"నీకెవరు చెప్పారు?"

"పక్కింటి రోసా. మూడేళ్లయింది."

"తెలిసి కూడా నోరు మెదపలేదా?"

"మైకు మీ దగ్గరుంది కదండీ."

అచ్యుతరావు పేపరు పక్కన పడేసి పొట్ట పట్టుకు నవ్వాడు. "ఇకనేం, ఈసారి మైకు మా చెల్లెమ్మకిచ్చేద్దాం! ఏమోయ్, నువ్వు వెనకసీట్లో కూర్చుని విను."

నవ్వుని వాసుదేవరావు ఓర్చుకున్నాడు. కంపెనీలో అలవాటే. కానీ జానకీదేవి నవ్వలేదు. ఆయన ముఖంకేసి చూసి, "పాపం," అంది మెల్లగా. ఆ మాటకి మాంసంతో సంబంధం లేదని ఆయనకు తెలిసింది.

కప్పు ముట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు టూరు మెక్సికోకి కాదు," అన్నాడు. "నయాగరాకి."