కార్డు వెనక చెల్లు

నరసన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే, నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకుంటారు.

క్రెడిట్ కార్డు మీద మొదట కొన్నది ఫ్రిజ్. తర్వాత మా ఆయన ఆటో ఇంజను పాడైతే ఆ రిపేరూ దానిమీదే. ఆపైన ఇంటి సరుకులు. నెలనెలా మెసేజ్ వచ్చేది, మొత్తం బాకీ ఇంత, కనీసం కట్టాల్సింది ఇంత అని. ఆ రెండో అంకె కట్టేదాన్ని. అదీ గడువుకి రెండు రోజుల ముందే. మా ఊళ్లో అప్పు మర్యాద అదే మరి. షావుకారికి వేళకి వడ్డీ పడేస్తే చాలు, అసలు సంగతి పంట చేతికొచ్చాక చూసుకోవచ్చు, కాదంటే ప్రోనోటు తిరగరాసుకోవచ్చు. మూడేళ్లు అలాగే పరువుగా కట్టాను. ఒక్క నెలైనా తప్పలేదని స్టాఫ్ రూములో గొప్పలు కూడా పోయాను.

తర్వాత ఒకసారి బడివాళ్లు జీతం ఆపారు. ఆ ఒక్క నెలా తప్పాను. ఇక బాకీ వసూలువాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. పాఠం చెప్తుంటే ఫోను, బస్సులో నిలబడితే ఫోను. చివరికి మా అత్త ఫోనుకే చేశాడొకడు. వాడేమన్నాడో ఆవిడ నాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం నన్ను అరుగుమీద కూర్చోబెట్టింది. మా అత్తకి చదువు రాదు. ఒక్క గేదెతో ఇంటింటికీ పాలు పోసి సంసారం ఈదిన మనిషి.

"ఎంత వాడినావు?"

"డెబ్బై వేలు, అత్తా."

"ఎంత కట్టినావు?"

ఫోనులో కూడి చూశాను. "ఎనభై ఏడు."

"మరింక బాకీ ఏటే?"

"డెబ్బై."

"ఏదీ, ఆ కార్డు ఇలా తే" అంది. తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. మా వైపు అసలు కింద ఏమైనా కడితే, షావుకారు నోటు వెనకాల ఆ మొత్తమూ తేదీ వేసి చెల్లు రాయాలి. ఆవిడకి తెలిసిన లెక్కంతా అదే.

"ఇంత కట్టినావు, ఎనకాల ఒక్క సెల్లూ లేదేటే? అంతా వొడ్డీకే పోయినాది, పిచ్చిదానా."

వడ్డీ నెలకి నూటికి మూడున్నర పైన. ప్రతి నెలా బిల్లులో రాసే ఉంది, నేనే తెరిచి చూడలేదు. మూడు రూపాయల వడ్డీ అడిగేవాడి గుమ్మం కూడా తొక్కరు మా ఊళ్లో. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ అప్పు తీరుతుందన్న ఆశ అక్కడితో పోయింది.

వారం తిరక్కుండా అత్త గేదెని సంతకి తోలించింది. వద్దని నోటితో అన్నాను గానీ, అడ్డం వెళ్లి నిలబడలేదు. ముప్పై అయిదు వేలు వచ్చింది. మొత్తం కార్డుకి కట్టేసి, ఇంటికొచ్చి, బడిలో వాడే మార్కరు పెన్నుతో కార్డు వెనక నేనే రాశాను, ముప్పై అయిదు వేలు చెల్లు అని. చదివి వినిపించాను.

"ఇప్పుడు పడినాది సెల్లు" అంది తృప్తిగా. "ఇంకెంత ఉన్నాది?"

"ఇంకో ముప్పై అయిదు, అత్తా."

ఆవిడ పశువులపాక వైపు చూసింది.

"మనకున్న గేది ఒకటే గదే" అంది.