గడ్డి ఎలుగు

కోటబొమ్మాళిలో బస్సు కోసం నిలబడితే ఎదురుగా గోడ మీద కొత్తగా అంటించిన కాగితం కనబడింది. ఎన్నికలు వస్తున్నాయి కాబట్టి లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని స్టేషన్లో అప్పగించాలని అందులో ఉంది. సంతకి వచ్చినవాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. పక్కనే చీరల తగ్గింపు అమ్మకాల కాగితం ముందు మాత్రం నలుగురు ఆడవాళ్లు నిలబడ్డారు. నేను తుపాకుల కాగితాన్నే రెండుసార్లు చదివాను. ప్రతి ఎన్నికలకీ మా మావ తన తుపాకిని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్లినట్టు సైకిల్ మీద జాగ్రత్తగా స్టేషన్‌కి తీసుకెళ్లేవాడు. ఓసారి అప్పగించి మళ్లీ తెచ్చుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే నవ్వేసి వేరే మాటలోకి వెళ్లిపోయేవాడు. ఎందుకో అసలు సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. మావ పోయి నాలుగేళ్లవుతోంది.

మావ అంటే మా అమ్మకి అన్న. ఉద్దానంలో, సముద్రం హోరు వినబడేంత దూరంలో, ఇసుక నేలలో ఆయనకి కొంచెం జీడితోట, ఆ తోటలోనే ఇల్లు. పదేళ్ల కిందట నాకు ఆ ఊరి బళ్లో ఉద్యోగం పడి, వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికి నాకు ముప్ఫై నిండాయి. బళ్లో అందరూ టీచరమ్మ అని పిలిచినా, ఇంట్లో నేను మావకి గుంటనే, చిన్నపిల్లనే. పైసా ఖర్చు పెట్టాలంటే ఆయనకి ప్రాణం మీదకొచ్చేది. గొడుగు చిరిగితే ఎరువుల బస్తాతో అతుకు వేసుకునేవాడు. వానలో ఆయన వెనక నడిచేవాళ్లకి ఆ ఎరువు పేరు చదువుకుంటూ పోవడమే పని. తుపాకి మాత్రం ఆయన కొన్నది కాదు, పందుల నుంచి పంట కాపాడుకోవడానికని తాతయ్య కాలంలో లైసెన్సు తీసుకున్న పాత నాటు తుపాకి. గొట్టం గట్టిదే గాని కర్రని చెద, మిగతా ఇనుముని తుప్పు తినేశాయి. పాత ఇనుముకి అమ్ముకోమని స్టేషన్లో కానిస్టేబులు ఏటా సలహా ఇచ్చేవాడట.

నేను వెళ్లడానికి ముందు జీడిపళ్ల రోజుల్లో, తెల్లవారుజామున పళ్లు ఏరడానికి వెళ్లిన మా అత్త మీద ఎలుగు పడింది. పేపర్లో భల్లూకం అని రాశారు, రెండు లైన్లు. ఎడమ కన్ను దక్కింది గాని ఎడమ చెంప దక్కలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక అత్త వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది, అక్కడే పడక. గోడనున్న అద్దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. మాట్లాడాల్సివస్తే తలుపు సందులోంచి ఒక ముక్క, అంతే. నాకు అన్నం కూడా గడప మీదకి జరిపేది. ఊరంతటినీ కడుపుబ్బ నవ్వించిన మనిషి ఆవిడ, చిన్నప్పుడు నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని జోకులు చెప్పిన మనిషి. ఆ మూసిన తలుపు చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. మావకి కోపమొచ్చేది. ఆ ఎలుగు చస్తేనే తన పెళ్లాం బయటికి వస్తుందని ఆయన గట్టిగా నమ్మాడు.

ఎలుగుని చంపితే జైలేనని అటవీ శాఖవాళ్లు ఊళ్లోకి వచ్చి మరీ చెప్పి వెళ్లారు. లైసెన్సు పందికే కదా, పంది ముందుకి ఎలుగొచ్చి నిలబడితే దాని ఖర్మ అని మావ వాదన. ఇంకా తుపాకి తయారే కాలేదు, గుండు ఎక్కడ తగలాలో మాత్రం రోజూ వేలు పెట్టి చూపించేవాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను వేళాకోళం చేసేదాన్ని. పాత గొట్టంలో ఆయన బొటనవేలు సులువుగా దూరేది. ఎలుగుకి అలాంటిదే కావాలని, ఆ గొట్టాన్నే ఉంచి, మిగతాదంతా దమ్మిడీ ఖర్చు లేకుండా కూర్చుకొచ్చాడు. మడమకి, అంటే భుజానికి ఆనించే కర్రకి, నులకమంచం కోడు ఊడదీశాడు. ఆ మంచం అప్పట్నుంచి ఒక మూల ఇటుకల మీద నిలబడింది, ఆయన దాని మీదే పడుకున్నాడు. వేలితో నొక్కే మీటని కమ్మరి దగ్గర, రెండు బస్తాల జీడిగింజలు ఇస్తానని చెప్పి చేయించాడు. చెట్లు ఇంకా పూత మీదే ఉన్నాయి. తుపాకిని చూసిన కమ్మరి మాత్రం ఒక్కటే అన్నాడట, మొదటి గుండు నువ్వు పట్టుకుని కాల్చకు అని. ఆ మాట కమ్మరి చెప్పక్కర్లేదు. ఇదే గొట్టం ఓసారి వెనక్కి తన్ని తాతయ్య బొటనవేలు పట్టుకుపోయింది. కొత్తగా కూర్చిన తుపాకిని మొద్దుకి కట్టి, మీటకి తాడు కట్టి, గోడ వెనక నిలబడి తాడు లాగి చూడాలి. అది ఆ వైపు పద్ధతి.

గురి చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మావ పాత నల్ల గొంగళిలో ఎండుగడ్డి కూరి, గుంజకి కట్టి, నిలబడ్డ ఎలుగులా తయారు చెయ్యబోయాడు. ఎంత ఎత్తు ఉండాలో ఆయనకి తెలియలేదు. ఇంట్లో దాన్ని దగ్గరగా చూసిన మనిషి ఒక్కరే. వంటింటి తలుపు దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, పొడుగెంత ఉంటాదని అడిగాడు. కాసేపటికి తలుపు తెరుచుకుని, ఎడమ చెంపకి కొంగు అడ్డం పెట్టుకుని అత్త పెరట్లోకి వచ్చింది. పది నెలల తర్వాత ఎండలోకి రావడం అదే. గడ్డి ఎలుగు చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకాస్త పొడుగు, మెడ ఇంకా లావు అంది. లోపలికెళ్లి సున్నం డబ్బా తెచ్చి దాని మూతికి తెల్లగా పూసింది. మూతంతా తెల్లబడేదాకా ఆగలేదు. అంతవరకూ అది గడ్డి, గొంగళి. సున్నం పూశాక దానికేసి చూడబుద్ధి కాలేదు.

దాన్ని ఇంటికి వీపు, తోటకి ముఖం పెట్టి జీడిచెట్ల మధ్య పాతాడు మావ. మర్నాడు తెల్లారి చూస్తే అది ఇంటివైపు తిరిగి ఉంది. గాలికి తిరిగి ఉంటుందిలే అని మళ్లీ అటు తిప్పాడు. మర్నాడూ అంతే, సున్నపు మూతి వంటింటి కిటికీకి ఎదురుగా. మూడోనాడు నేను కూడా వెళ్లాను. మాఘమాసపు మంచు ఇంకా కరగలేదు. గడ్డి ఎలుగుకి ఎడమ పక్కన, కింద, ఎవరో ఆనుకుని పడుకున్నట్టు గడ్డి లోపలికి నొక్కుకుపోయి ఉంది. మావ నా చెయ్యి పట్టుకుని ఆ గుంటలో పెట్టాడు. బయటంతా చల్లగా తడిగా ఉంటే, అక్కడ మాత్రం వెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కింద జీడాకులు మందంగా పరుచుకుని ఉన్నాయి, ఎవరి అడుగులూ పడవు. మా కుక్క ఏ రోజూ మొరగలేదు. పిట్ట ఎగిరినా ఊరు లేపే కుక్క అది. ఎలుగు వాసనకి దాని గొంతు పడిపోయిందని మావ తేల్చాడు. ఎలుగు రోజూ వచ్చి ఇది తన జాతిదే అనుకుని ఆనుకుని పడుకుంటోందని, వెళ్లేముందు ఇంటివైపు తిప్పి పోతోందని చెప్పాడు. పట్టపగలు ఎవరైనా చెబితే నవ్వే మాట. నేను మాత్రం నమ్మాను. ఆ రాత్రి నుంచి కిటికీలు వేసుకుని పడుకున్నాను.

తుపాకి తయారైన సాయంత్రం మావ దాన్ని నరికేసిన జీడి మొద్దుకి కట్టాడు. గురి ఆ గడ్డి గుంట మీదే. పరీక్షా అయిపోతుంది, పనీ అయిపోతుంది అన్నాడు. తాడు మట్టిగోడ మీదుగా ఇవతలికి తెచ్చాడు. పొద్దు పొడవకముందే నన్ను లేపాడు. ఆయనకి కళ్లలో పొర, మసక వెలుతుర్లో ఏమీ ఆనదు, అందుకే నేను కావాలి. గోడ మీదుగా చూశాను. మంచులో సున్నపు మూతి తెల్లగా కనబడింది. దాని పక్కన, గుంట ఉన్నచోట, ఇంకొక నల్లటి ఆకారం. గడ్డి ఎలుగుని ఆనుకుని కూర్చుని ఉంది. మెల్లగా ఊగుతోంది కూడా.

"ఉన్నాది మావా," అన్నాను.

ఆయన తాడు లాగాడు. టిక్కుమంది. అంతే, పేలలేదు. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. అలా ఊరుకున్న తుపాకి ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది, అంతవరకూ దాని ముందుకి పోకూడదు. ఇద్దరం గోడకి వీపు ఆనించి కూర్చున్నాం. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు గోడ అవతలి నుంచి, ఆ గడ్డి ఎలుగు దగ్గర్నుంచి, మాట వినిపించింది. మెల్లగా, తీరుబడిగా, పిల్లకి బుద్ధి చెబుతున్నట్టు.

"నిన్ను సూసి నేను బెదిరినాను. నన్ను సూసి నువ్వు బెదిరినావు. దానికి ఇంత సెయ్యాలేటి?"

దెయ్యమైనా అంత భయపడేదాన్ని కాదు, ఎందుకంటే ఆ గొంతు మా అత్తది. మావ ముఖం నేను ఎప్పటికీ మర్చిపోలేను. అరవై దాటిన మనిషి గోడ ఎలా దూకాడో తెలియదు. అరవలేదు. తుపాకి పక్కకి కూడా పోలేదు, కట్లు విప్పేంత సమయం లేదని తెలుసు కాబోలు. తిన్నగా వెళ్లి గొట్టానికి అడ్డంగా, వీపు దానికి ఆనించి నిలబడ్డాడు. గొంగళి కప్పుకుని కూర్చున్న అత్త తలెత్తి చూసింది.

"ఏటయ్యింది?" అంది.

"ఏటీ అవలేదు. నువ్వు ఆ పక్క నుంచి ఇంట్లోకెల్లు. పొయ్యి ముట్టించు."

ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన వెనక మొద్దుని చూసింది, తాడు ఎటు పోయిందో చూసింది. లేచి ఆ పక్క నుంచే నడిచి ఇంట్లోకి వెళ్లింది. తలుపు చప్పుడు వినబడేదాకా మావ కదల్లేదు. తర్వాత నన్ను బిందెడు నీళ్లు తెమ్మని, పక్క నుంచి గొట్టం నిండా పోశాడు. అది పేలలేదు. ఎందుకు పేలలేదో ఆయనా చూడలేదు, కమ్మరినీ అడగలేదు.

అత్త తర్వాత నాకు చెప్పింది. సున్నం పూసిన రోజు నుంచి ఆవిడ తెల్లవారుజామున పెరటి తలుపు తీసుకుని వెళ్లేదట. మొదటిరోజు వెనక నుంచి గుంజ పట్టుకుని తిప్పేదాకా, రెండోరోజు ఆ మూతి మీద చెయ్యి వేసేదాకా, మూడోరోజు పక్కన కూర్చునేదాకా. పగలంతా కిటికీలోంచి చూస్తూ భయం పోగొట్టుకోవాలని దాన్ని ఇటు తిప్పి వచ్చేది. ఆ ఏడు జీడిపళ్లకి ఆవిడ అందరితో పాటే తోటలోకి వెళ్లింది, కొంగు చెంప మీద లేకుండా.

ఆ ఉదయం పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడ మావని అడిగింది ఒక్కటే, ఎలుగు ఉందని ఎవరన్నారని. నేను అక్కడే ఉన్నాను, గ్లాసు పట్టుకుని. మావ నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే సూసినాను. ముసిలి కళ్లు," అన్నాడు.

అత్త ఆయన పోయేదాకా, వచ్చినవాళ్లందరి దగ్గరా ఆ కళ్ల మీద వేళాకోళం చేసేది. పెళ్లాన్నీ ఎలుగునీ పోల్చుకోలేని మొగుడని నవ్వేది. ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పటికీ పండక్కో పబ్బానికో వెళితే ఆ మాటే చెబుతుంది, మావ ఫొటోకేసి చెయ్యి చూపిస్తూ. నా కళ్లు అప్పుడు బాగానే ఉన్నాయని, ఆ మాట అన్నది నేనని చెప్పడానికి ఇంకా బోలెడు టైముందని ప్రతిసారీ అనుకుని బస్సెక్కేస్తాను. ఈ మాఘానికి అత్తకి డెబ్భై నిండాయి.