మా అన్నకు మూవ్‌మెంట్ ఆర్డర్ రాసిన దినం

మా సంఘంలో అందరు చెప్పే మాట ఏందంటే, మా దావీదన్న తాగుడుకు బానిసై ఇల్లిడిచిండు, చెల్లె ఉపవాసముంటే దేవుడు తోలుకొచ్చిండు అని. సహోదరులారా, మా అన్న చాయ్ తప్ప ఏదీ ముట్టడు. సాక్ష్యానికి మసాలా ఎందుకు?

జరిగింది చెప్త. ఫౌజుల ఇరవై నాలుగేండ్లు చేసి హవల్దార్‌గా రిటైరైన మనిషి, శాలిబండల మా ఇంట్ల రెండు నెలలు కూడ నిలువలె, ఒక పొద్దున చెప్పకుండ ఎల్లిపోయిండు. మూడేండ్లు. నాసిక్ స్టేషన్ల పండుకుంటున్నడని ఒకరు, తర్వాత జబల్‌పూర్‌ల చూసినమని ఇంకొకరు ఫోన్ జేసేది, నేను ఉరికి పోయేసరికి ఉండకపోయేది. పిచ్చి లేసిందన్నోళ్లతోని లొల్లి పెట్టుకున్న, దేవునితోని గూడ పెట్టుకున్న.

ఒకనాడు అన్న నల్ల ట్రంకుపెట్టె ముందట మోకరించి, "ప్రభువా, ఆయన్ని ఆపు, లేకుంటే నేను ఎదురుచూసుడన్న ఆపు" అని ఏడ్చి కండ్లు తెరిస్తే, మూత మీద తెల్లరంగుతోని ఆయన రాసుకున్న పోస్టింగులు కనబడ్డయి: నాసిక్, జబల్‌పూర్, ఝాన్సీ. అన్న దారి తప్పలె, కొలువు చేసిన దారినే మళ్ల నడుస్తున్నడు.

ఝాన్సీకి పోతే, ప్లాట్‌ఫారం చివర, గడ్డం నున్నగ గీసుకొని, దుప్పటి ఫౌజు మడత పెట్టుకొని కూసున్నడు. "కాలేజీకి సెలవు పెట్టినవా?" అన్నడు.

"ఇంటికి నడువు అన్నా."

"ఫౌజీ మూవ్‌మెంట్ ఆర్డర్ లేంది ఎట్ల కదుల్త చెల్లె? ఈడిదాంక పాత ఆర్డర్ల మీద వచ్చిన. ఇదే ఆఖరిది."

గంటసేపు వాదించిన. నేను కొలువు చేసే కాలేజీల నా నోటికి ప్రిన్సిపాల్ భయపడ్తడు, మా అన్న భయపడలె. "తండ్రీ, నా నోరు మూయించి నీ మాట ఇయ్యి" అని లోపల మొక్కిన, నోరు మూతబడ్డది, చెయ్యి కలం అందుకున్నది. డైరీల కాయిదం చింపి, హవల్దార్ దావీదు ఝాన్సీ నుంచి కదిలి శాలిబండల రిపోర్ట్ చేయాలె అని ఇంగ్లీషుల రాసి సంతకం పెట్టిన. రెండుసార్లు చదివి, "ముద్ర లేదు" అన్నడు. "ముద్ర ప్రభువు ఏస్తడు, లే" అన్న. లేచిండు.

దేవునికే మహిమ. ఇప్పుడు రోజూ మొఘల్‌పురా దాంక నడిచి, అన్నం యాళ్లకు తిరిగొస్తడు. మీ ఇంట్ల గిట్ల పోయినోళ్లుంటే ప్రభువును నమ్మండి, ఏ దారిన పోయిండ్రో గూడ ఆయన్నే అడగండి.

ఒక్కటి మాత్రం నాకు తెగలె. ఆనాడు అన్న పక్కన ఇంకిద్దరు పాత ఫౌజీలు, నేను రాసేది తొంగిచూసి, "దీదీ, మాకు గూడ ఒకటి రాయి" అన్నరు. ఏ ఊరికి అంటే ఇద్దరూ ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. సహోదరులారా, వాళ్ల కాయిదంల నేను ఏ ఊరి పేరు రాయాల్సి ఉండె?