బాబాయి చెప్పిన లండన్

పాయా లేబర్‌లోని మా ఆఫీసులో లిఫ్టు బాగుచేసే రోజున వరండా అంతా గ్రీజు వాసన వేస్తుంది. అందరూ ముక్కు మూసుకుని మెట్లవైపు నడుస్తారు. నేను మాత్రం కాసేపు అక్కడే ఆగిపోతాను. మా బాబాయి చొక్కా అచ్చం అదే వాసన వేసేది.

నాన్నకు తమ్ముడాయన. తంజోంగ్ పగార్ రేవులో, ఓడల మీదికెక్కించిన కంటైనర్లను ఇనుప కడ్డీలతో బిగించే పని. పెళ్లికాకముందు మా ఫ్లాట్‌లోనే ఉండేవాడు. ఆదివారం పొద్దున్నే మామ్మతో లిటిల్ ఇండియాకు వెళ్లి మునక్కాడలూ కరివేపాకూ మోసుకొచ్చి, మధ్యాహ్నం చేపల పులుసుతో కడుపునిండా తిని, వానకు ముందరి ఉక్కపోతలో చల్లటి గచ్చు మీద వాలితే, నేనూ పక్కన చేరేదాన్ని. అప్పుడు లండన్ మొదలయ్యేది. ఓడ వస్తే రెండుగా విడిపోయి పైకి లేచే వంతెన, ఎగిరిపోతే రాజ్యమే కూలిపోతుందని పెద్ద పెద్ద కాకులను సాకే పాతకోట, గుమ్మటం కింద గుండ్రటి వసారాలో ఇటు గోడకు నోరానించి గుసగుసలాడితే అటు చివర వినిపించే చర్చి. నేను పుట్టకముందు ఓడెక్కి వెళ్లి అన్నీ కళ్లారా చూశానని చెప్పేవాడు.

"పెద్ద పరీక్ష పాసవ్వే, నిన్నట్టుకెల్తాను. నువ్వటేపు కూకో, నానిటేపు కూకుంటాను."

పక్క ఫ్లాట్‌లో మే లింగ్ ఉండేది. చైనీస్ కొత్త సంవత్సరానికి వాళ్లమ్మ చేసిన అనాసపండు బిళ్లలు మా ఇంటికి వచ్చేవి, దీపావళికి మా జంతికలూ సున్నుండలూ వాళ్లింటికి వెళ్లేవి. మా బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీలో చీకటి పడేదాకా మేమిద్దరం గెంతుతూ ఆడే, రబ్బరు బ్యాండ్లతో అల్లిన తాడుకు మా లండన్ వంతెన పేరే పెట్టుకున్నాం. వాళ్ల అన్నయ్య రేవులో పనిచేసేవాడు. ఒకరోజు అతను ఏం చెప్పాడో, మే లింగ్ తాడు మధ్యలోనే వదిలేసి అంది: "యువర్ అంకుల్ బ్లఫ్ యూ లా. అంతా ఉత్తిదే. ఎప్పుడూ ఓడెక్కలేదట."

ఆ సాయంత్రం నుంచి దానితో మాట్లాడలేదు. అది తలుపు కొట్టినా తీయలేదు.

పరీక్ష పాసయ్యాను. ఆ ఏడే బాబాయికి పెళ్లయింది, కొత్త పిన్నిని తీసుకుని లండన్ వెళ్లాడు. నాకు చెప్పలేదు. వాళ్లు ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయాకే తెలిసింది. దీపావళికి అందరం కూర్చుని తింటుంటే పిన్ని నవ్వుతూ అంది, "విమానంలో మీ బాబాయి నా చెయ్యి వదల్లేదే. ఊరు దాటడం ఇదే మొదటిసారంట కదా!"

నేను అందరి మొహాలూ చూశాను. ఎవరూ ఉలిక్కిపడలేదు.

"ఆడెప్పుడెల్లాడే? రేవు గేటు దాటితే కదా," అంది మామ్మ తాపీగా. "చిన్నపిల్లవని సరదాకి చెప్పాడులే," అంది అమ్మ. నాన్న జంతిక విరుచుకున్నాడు. ఇన్నేళ్ల ఆదివారాలూ వాళ్లంతా విని, తలలూపి, ఊరుకున్నారు. తెలియనిది నాకొక్కదానికే.

బాబాయి వంటగదిలోకి నా వెనకే వచ్చాడు. "నాన్జెప్పినియ్యన్నీ నిజమేనే తల్లీ. ఓడలోళ్లనడిగి తెలుసుకున్నాను. నానెల్లలేదు, అంతే."

"మరి నన్ను?"

నా భుజం తట్టబోయాడు, పక్కకు జరిగాను. నేరుగా వెళ్లి మే లింగ్ తలుపు తట్టాను. ఎవరో కొత్తవాళ్లు తీశారు. కిందటి నెలలోనే వాళ్లు ఇల్లు మారారట; ఆ తలుపు వైపు చూడటమే మానేసిన నాకు తెలియలేదు.

ఆ బ్లాకును ఎప్పుడో కూల్చేశారు. మా కిటికీలోంచి కనిపించిన రేవు క్రేనులు ఒక్కటొక్కటే తరలిపోయాయి. మామ్మా అమ్మా నాన్నా బాబాయీ, ఒకరి వెంట ఒకరు పోయారు. పిల్లలిప్పుడు రబ్బరు బ్యాండ్లు అల్లుకోరు.

మొన్నీమధ్య ఆఫీసు పని మీద మొదటిసారి లండన్ వెళ్లాను. మీటింగ్ అయిపోయాక అక్కడి సహోద్యోగి ఒకామె, సాయంత్రం ఖాళీయే కదా, కోటా వంతెనా చూపిస్తాను రమ్మంది.

"చూశాను," అన్నాను.

"ఎప్పుడు?"

"చిన్నప్పుడు."