ఇత్తడి తాళం, నీలమ్మ మేకు

నార్సింగిలో పదకొండో అంతస్తు ఫ్లాటును సీతారామయ్యగారు ఎదుటి బడిని చూసి కొన్నారు. మనవరాలు ఆమనిని అక్కడ దింపడానికి బయల్దేరినప్పుడల్లా, వేలిముద్ర తాళం మీద నమ్మకం చాలక, దానిపైన తెనాలి నుంచి తెచ్చుకున్న ఇత్తడి తాళం వేసి, మూడుసార్లు లాగి, లిఫ్టు దాకా వెళ్లి, నాలుగోసారి లాగడానికి వెనక్కి వస్తారు. రెండో తాళంచెవి మాత్రం ఎదురింటి నీలమ్మ గోడ మేకుకు వేలాడేది. తెనాలిలో చిన్నప్పుడు ఆయనా బడి నుంచి వచ్చి పక్కింటి మేకు మీది తాళంచెవి అందుకున్నవారే. ఆ మేకు ఎత్తుకు తాను ఎదిగిన రోజు ఆయనకిప్పటికీ గుర్తు. మొన్న అపార్టుమెంటు భద్రతా సమావేశంలో తాళంచెవులు పొరుగువారికి ఇవ్వరాదని సెక్రెటరీగారు సెలవిచ్చారు. సీతారామయ్యగారు రాజ్యాంగానికి కట్టుబడినంత గంభీరంగా తనది వెనక్కి తెచ్చుకున్నారు.

నిన్న వానకు బడి ముందే వదిలారు. కళ్లజోడు కోసం మాదాపూర్ వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆయన, తలుపు ముందు ఏడుస్తున్న పిల్లను ఊహించుకుంటూ పరుగున వచ్చేసరికి, ఆమని నీలమ్మ ఇంట్లో సర్వపిండి తింటోంది.

“ఏంది సార్, పిల్ల వేలు పెడితే మిషన్ తాళం తెరుసుకుంది గని, మీ ఇత్తడిది తెరుసుకోలే!” అంది నీలమ్మ.

ఆయన జేబులోంచి రెండో తాళంచెవి తీసి అందించారు. “మేకుకే ఉంచండమ్మా.”

“జర ఆగుండ్రి సార్, సెక్రెటరీ సార్‌ది పక్కకు జరుపుత.”