బావిగట్టు బండను తిరగేసిన డ్రాయింగ్ సార్

నిన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె సంచిలో నీళ్ళ సీసా మూత సరిగ్గా బిగించక, సోషల్ నోటుబుక్కంతా తడిపేసుకుని ఏడుపు మొహంతో నా ముందు నిలబడింది. పుస్తకాన్ని విప్పి వరండాలో ఎండకు పెట్టాను. తడి కాగితం మీద ఎండ పడగానే ఒక పచ్చి వాసన వస్తుంది చూడండి, అది ముక్కుకు తగిలిందో లేదో నాకు ఖాసీం సార్ గుర్తుకొచ్చాడు. గుర్తుకు రావడమేమిటి, "అరే, చూడు బేటీ, వస్తాండాయి!" అని ఆయన వేసిన కేక చెవిలో మోగింది. నాకు నవ్వొచ్చేసింది. తన పుస్తకం పాడైతే టీచరు నవ్వుతోందేమిటా అని ఆ పిల్ల ఏడుపు మానేసి నన్నే చూసింది.

మా ఊరు సజ్జలగల్లు. కోసిగి వైపు వెళ్ళే బస్సులో నిద్రపోతే దాటిపోయేంత చిన్న ఊరు. ఖాసీం సార్ ఆ ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరై, ఆ తర్వాత దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ ఉండేవాడు. బక్కపలచటి మనిషి. చొక్కా ఏ రంగుదో చెప్పడం కష్టం, అన్ని రంగుల మరకలూ ఉండేవి. ఆయన పోయి ఆరేళ్ళయింది. నేను అదే స్కూలుకు సోషల్ టీచరుగా వచ్చినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బీఈడీ పాసై, దేశ చరిత్రంతా కొంగున ముడేసుకున్నదానిలా తిరిగేదాన్ని. హైస్కూలు చదువు బయట హాస్టల్లో అయిపోవడంతో, అంతవరకు సార్‌తో నాది ముఖపరిచయమే. స్కూలు గోడ మీద పటం గీయడానికి వచ్చి, మాట కలిపిన మొదటి రోజే అడిగాడు.

"ఏమి పాఠం చెప్తాండావు తల్లీ?"

"చరిత్ర సార్."

"యాడిది? మన ఊరిదా?"

"మన ఊరికేముంది సార్ చరిత్ర? జొన్నచేలు, రాళ్ళు."

అంతే, కుంచె డబ్బాలో పడేశాడు. "రాళ్ళుండాయని నువ్వే అంటివి గదా! పా, పోదాం పా," అంటూ నన్ను స్కూలు వదలగానే ఊరంతా తిప్పాడు. రేషన్ షాపు మెట్టుగా వేసిన రాతిస్తంభం, ఎవరిదో పశువుల దొడ్డి గోడలో తలకిందులుగా ఇరుక్కున్న గుర్రం బొమ్మ, దర్గా వెనక సగం పూడిన కోట గుమ్మం. పుట్టి పెరిగిన ఊరు, రోజూ తొక్కి నడిచిన మెట్టు! ఒక్కటంటే ఒక్కటి చూసిన పాపాన పోలేదు నేను. ఇంటికి వెళ్ళేసరికి కాళ్ళు పీకుతున్నాయి, మనసు మాత్రం గంతులేస్తోంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన వెంట పడ్డాను.

ఊరి మధ్య ఒక దిగుడు బావి ఉంది. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయిన ఏడాదిలో కూడా దాని అడుగున నీళ్ళు కనిపించేవి. దాన్ని మా పూర్వీకుడు ఓబులరెడ్డి కరువులో తవ్వించాడని మా ఇంట్లో గట్టి నమ్మకం. మా ఇంటి కోడళ్ళందరూ కాపురానికి రాగానే మొదటి బిందె అక్కడే ముంచాలి. మా అమ్మ ముంచింది, మా అవ్వ ముంచింది. మా నాయనకు ఆ బావి పేరెత్తితే చాలు, మీసం మీదికి చెయ్యి పోయేది. ఆ ఏడు బావిలో పూడిక తీయించి, మెట్లు బాగుచేయించి, గట్టు మీద ఊరి చరిత్ర చెప్పే బోర్డు పెట్టాలని ఊరివాళ్ళు అనుకున్నారు. ముందుండి నడిపింది మా నాయనే. బోర్డు రాసే పని ఖాసీం సార్‌ది, దాని మీద ఏముండాలో రాసిచ్చే పని నాది. పది నిమిషాల్లో రాసేశాను. ఓబులరెడ్డి దయాగుణం, దానగుణం, ఇంకా నాకు తోచిన గుణాలన్నీ కలిపి ఒక పేజీ.

సార్ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "బాగుండాది. ఎవురు చెప్పినారు?"

"మా నాయన."

"ఆయనకు?"

"మా తాత."

"బావిని అడిగినావా?"

నాకు ఒళ్ళు మండింది. ముసలాయనకు ప్రతిదానికీ పరీక్షేనా అనుకున్నాను. ఆయన మాత్రం అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. మంచి డబ్బులొచ్చే బోర్డు పనికి కూడా ఆయన అంత తొందరపడేవాడు కాదు.

బావిగట్టు మీద బట్టలుతికే పెద్ద బండ ఒకటుండేది, అంచులు ఉలితో చెక్కినట్టు తిన్నగా. సార్ దాని పక్కన బోర్లా పడుకుని, అంచు కింద మట్టిని గీకి, సందులోకి చెయ్యి దూర్చాడు. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "సారూ, తేలుంటాది, చెయ్యి తీయి!" అని ఒకామె అరిచింది. సార్ తీయలేదు. చెంప నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడుముతున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చుని, "అక్షరాలు! వేలికి తగులుతాండాయి బేటీ! మన ఊరు ఇన్నాళ్ళూ దీని వీపు మీద బట్టలు బాదింది!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

పూడిక తీసే పనివాళ్ళు గడ్డపారలు తెచ్చి బండను తిరగేశారు. మట్టి కడిగితే సన్నని గీతలు తప్ప ఏమీ అర్థం కాలేదు నాకు. సార్ ఎప్పుడో శాసనాలు సేకరించేవాళ్ళ దగ్గర నేర్చుకున్న విద్య బయటికి తీశాడు. రాతి మీద తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో టపటపా కొట్టాడు. కాగితం గీతల్లోకి దిగింది. కొంచెం ఆరాక, గుడ్డ ఉండను మసిలో అద్ది, మెల్లగా తట్టుకుంటూ పోయాడు. కాగితం నల్లబడుతుంటే నల్లటి మధ్యలోంచి తెల్లటి అక్షరాలు లేచి వస్తున్నాయి! ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఒక వరుస, రెండో వరుస. ఆ కేక వేసింది అప్పుడే. ఆయనేం ఖర్మ, నేనూ అరిచాను. గట్టు మీదున్న వాళ్ళందరం అరిచాం.

పాత లిపి కూడబలుక్కుని చదవడానికి సార్‌కు రెండు రోజులు పట్టింది. ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. సంగతి ఇది. వానలు లేని కాలంలో, మట్టి మోసే తిమ్మక్క తన వాళ్ళందరినీ కూడగట్టుకుని, కూలి తీసుకోకుండా ఊరి కోసం ఈ బావి తవ్వింది. ఈ నీళ్ళు ఎవరైనా తోడుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పకూడదు. ఇది ఊరంతా ఒప్పుకున్న మాట. అడుగున సాక్షుల పేర్లు. వాటిలో చివరిది ఓబులరెడ్డి. 

ఆ పేరు రెండోసారి చెప్పించుకుని రాసుకున్నాను. ఎల్లుండి బోర్డు నిలబెట్టాలి.

"సార్, ఇప్పుడేం చేద్దాం?" 

"నన్నడుగుతావేంది? నేను రంగు పూసేటోణ్ణి. నువ్వు పాతది ఇస్తే పాతదే పూస్తా, కొత్తది ఇస్తే కొత్తది పూస్తా. చరిత్ర టీచరు నువ్వు గదా," అన్నాడు. ఎంత కోపమొచ్చిందో ఆ మనిషి మీద! పెద్దవాడు, ఆయనే ఒక మాట చెప్పేస్తే తప్పు ఆయన మీదికి నెట్టేసి బతికిపోయేదాన్ని కదా. ఆయనకు అదీ తెలుసు. అందుకే చెప్పలేదు.

మధ్యాహ్నం మా నాయన రొట్టె తింటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. 

"మన ఇంటి పేరు నువ్వే తీసేస్తావా పాపా? రేపు ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవాల?"

"మన పేరు ఉండాది నాయనా. సాక్షిగా ఉండాది."

"సాక్షా? తవ్వించినోడు గాదా?"

"కాదు. తిమ్మక్క వాళ్ళు తవ్వింది నిజమని చెప్పడానికి నిలబడినాడు. ఇప్పుడు మనం ఇంకోటి రాసినామంటే, ఆయన్ని దొంగసాక్షిని చేసినట్టే." మా నాయనకు ఎదురు మాట్లాడడం అదే మొదలు.

ఆయన రొట్టె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఖాసీం సార్ ఇంటికి నడిచాడు. వెనకే నేను. గోడకు అంటించిన నల్ల కాగితం మీద ఆ పేరు ఎక్కడుందో సార్ వేలు పెట్టి చూపించాడు. మా నాయన దగ్గరికి వంగి, ఆ అక్షరాల మీద తనూ వేలు పెట్టి చూసుకున్నాడు. "మనోడేనా సారూ?" అంటే, "మీవోడే రెడ్డీ," అన్నాడు సార్. మా నాయన ముక్కు ఎగబీల్చి, "ఉన్నది ఉన్నట్టు రాయి. అక్షరాలు పెద్దగా రాయి, నాకు చూపు ఆనదు," అని విసురుగా వెళ్ళిపోయాడు. సార్ నన్ను చూసి కన్ను గీటాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు.

బోర్డు నిలబెట్టిన రోజు పెద్దగా జనమేమీ రాలేదు. ఊళ్ళో సగం మంది సుగ్గికి, అంటే దూరాలకు కూలిపనులకు, వెళ్ళి ఉన్నారు. వారం తర్వాత ఒక సాయంత్రం వాళ్ళ లారీ బావి దగ్గర ఆగింది. నేనూ సార్ గట్టు మీదే ఉన్నాం. నెత్తిన మూటతో దిగిన ఒకామె, పేరు ఈరమ్మ అని తర్వాత తెలిసింది, బోర్డు ముందు ఆగింది. 

"ఏమి రాసినారమ్మా దీంట్లో?"

చదివాను. ఆమె మూట దించలేదు. 

"ఇంగోసారి సదువు. మట్టి మోసినామె అనుండాదా?"

"ఉంది. మట్టి మోసే తిమ్మక్క."

"ఆడామె పేరా? నాలాగా మట్టి మోసినామె పేరా?" ఆమె మూట దబుక్కున కింద పడేసి, లారీ వైపు తిరిగి, "రాండే! బిన్నా రాండే! మనామె అంట, ఈ బాయి తవ్వింది మనామె అంట!" అని ఊరు దద్దరిల్లేలా పిలిచింది. లారీలోంచి ఆడవాళ్ళు, మగవాళ్ళు, సామాన్లతో సహా ఉరికి వచ్చారు. మూడోసారి మొదలుపెట్టాను. వాళ్ళ గోలలో నా మాట నాకే వినపడడం లేదు. వెనక నుంచి ఖాసీం సార్ గదమాయించాడు: "గట్టిగా బేటీ, గట్టిగా! వెనకుండేటోళ్ళకు ఇనపడల్యా!"

గట్టిగా చదివాను. అప్పుడు పెరిగిన గొంతు ఇప్పటికీ తగ్గలేదు. చివరి బెంచీ దాకా వినిపించాలని అరిచి మరీ పాఠం చెబుతాను, పక్క క్లాసు లెక్కల టీచరు వచ్చి తలుపు వేసి పోతుంది, నేను మళ్ళీ తీస్తాను.